ఆ విధవరాలు ఇంట్లో కూర్చోలేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. రెండు వారాల కింద మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు, చర్చికి పోయేవాళ్లకు ఊరి సంగతులు పట్టవు, వాళ్ల లోకమే వేరు, ఓట్లప్పుడు మాత్రం ఎవరు మైకు సెట్టు ఇస్తే గంపగుత్తగా వాళ్ల వైపు పోతారు అని. చదవగానే కోపం వచ్చింది, పేపరు మడిచి ఫ్రిజ్ మీద పడేశాను. సాయంత్రం చాయ్ తాగుతూ మళ్లీ తీసి చదివితే సగం నిజమే అనిపించింది. ఆ నిజమైన సగం గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కత్తిరించాలనుకుంటే మా నాన్న సంగతి, మోటర్ల సంగతి మాత్రం ఉంచండి.

మాది దేవరకొండ వైపు ఒక పల్లె. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యాను. మా కుటుంబం తాతల కాలం నుంచి క్రైస్తవులం. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టారు, ఆ తర్వాత అమెరికా మిషన్ వాళ్లు దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, జడ్చర్ల, కల్వకుర్తి అంతటా స్టేషన్లు పెట్టారు. మా తాతలకు అక్షరం ముక్క వచ్చిందంటే ఆ బడుల వల్లే. జడ్చర్ల మిషన్ దవాఖాన పేరు తెలియని పాత తరం మనిషి పాలమూరులో దొరకడు. అంటే మొదట్లో మా విశ్వాసం బడి, దవాఖాన పట్టుకునే ఊర్లోకి వచ్చింది. మధ్యలో ఎక్కడో అది గోడల లోపలికి పోయి కూర్చుంది.

మా నాన్నకు యాభై దాటకముందే నడుము బిగుసుకుపోయింది. మెడ తిరగదు. చర్చిలో ప్రసంగం అయ్యేంతసేపూ చాప మీది గళ్లనే చూసేవాడు, పాస్టరయ్య ముఖం చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే ఏసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు చిన్న గ్లాసు చేతికిస్తే మోచేయి నోటిదాకా మడవరాదు, సంఘ పెద్ద ఒకాయన పక్కన మోకాళ్ల మీద కూర్చొని తాగించేవాడు, గడ్డం మీద కారితే అమ్మ కొంగుతో తుడిచేది. పదేళ్లు అట్లనే నడిచింది. ఆ పదేళ్లలో ఆయన స్వస్థత కోసం ప్రార్థన చేయని వారం లేదు. చేసి, ఇంటికొచ్చి, అదే బోరింగు నీళ్లు ఆయనకు తాగించాం. ఈ నీళ్లు ఎందుకిట్లున్నాయి, ఎవర్ని అడగాలి అని ఒక్క సంఘ మీటింగులో ఒక్కరం అనలేదు. అమ్మ నీళ్లు కాచి ఇచ్చేది, కాస్తే విషం పోతుందని. ఫ్లోరైడు కాచితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకింత చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ చారలు వస్తాయి, తర్వాత ఎముకలు పట్టుకుపోతాయి. అంగన్‌వాడీలో చేరాక ట్రైనింగులో తెలిసింది నాకు ఈ సంగతి, అప్పటికి నాన్న పోయాడు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేస్తే దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పడింది. ఆ పేరు ఇథియోపియా, టాంజానియా దాకా పోయింది. మా జిల్లా పేరు అంత దూరం పోయిందని సంతోషపడాలో, ఎందుకు పోయిందో తలుచుకొని ఏడవాలో ఇప్పటికీ తెలియదు.

1996 మీకు గుర్తుండే ఉంటుంది. నీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపు మీద నల్లగొండ లోక్‌సభకు జనం పోటాపోటీగా నామినేషన్లు వేశారు, చివరికి 480 మంది బరిలో ఉన్నారు. గెలుద్దామని కాదు, ఢిల్లీ ఒకసారి తల తిప్పి చూడాలని. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయి పోలింగే వాయిదా పడింది, ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఆ నామినేషన్ల రోజుల్లో మా సంఘంలో ఒక కుర్రాడు నేను కూడా వేస్తానంటే పెద్దలు ఏమన్నారో తెలుసా? అవి లోక సంబంధమైన పనులు బాబూ, మన పౌరసత్వం పరలోకంలో ఉంది అన్నారు. అక్కడే, ముందు వరుసలో, మెడ ఎత్తలేని మా నాన్న కూర్చొని ఉన్నాడు.

ఇక ఇప్పటి సంగతి. మిషన్ భగీరథ వచ్చాక కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి, ఈ మాట ఒప్పుకోవాలి, మా ఊర్లో చిన్నపిల్లల పళ్లు చూస్తే తేడా నాకే కనిపించింది. కానీ పోయిన ఎండాకాలం మా ఊరి చివరి వాడకు నీళ్లు ఆగిపోయాయి. పూర్తిగా కాదు. ఒక రోజు దారంలా వస్తుంది, రెండు రోజులు రాదు. ఆ వాడ ఆడవాళ్లు బిందెలు పట్టుకొని మళ్లీ ఆ పాత బోరింగు దగ్గర నిలబడటం చూశాను. అప్పటికి సర్పంచ్ లేడు, 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన. ఎవరిని అడిగినా పైకి చెప్పాం అంటారు. ఆ పై ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

శుక్రవారం ఉపవాస కూడికలో స్త్రీలందరం నీళ్ల కోసం ప్రార్థన పెట్టుకున్నాం. ఆ రోజు వాక్యం లూకా 18లోది, విధవరాలు, అన్యాయస్థుడైన న్యాయాధిపతి ఉపమానం. చిన్నప్పటి నుంచి వందసార్లు విన్నదే. విసుకక నిత్యం ప్రార్థన చేయాలి అని పాస్టరమ్మ చెప్తోంది, మేం తలలు ఊపుతున్నాం. అప్పుడు చివరి వాడ ఆమె ఒకామె, చదువు రాదు, చటుక్కున అడిగింది: "అమ్మా, ఆ ముసలామె ఇంట్ల కూసోని ప్రార్థన జేసిందా, కచేరికి పోయిందా?"

ఎవరికీ మాట రాలేదు. నిజమే కదా. ప్రభువు ప్రార్థన ఎట్లా చేయాలో చెప్పడానికి ఎంచుకున్న ఉదాహరణ ఏంటి? ఒక దిక్కులేని ఆడమనిషి ఆఫీసు చుట్టూ తిరగడం. దేవునికి భయపడడు, మనుషులను లక్ష్యపెట్టడు, అట్లాంటి జడ్జి దగ్గరికి మళ్లీ మళ్లీ పోవడం. మన తెలుగు బైబిల్లో ఆ జడ్జి అనుకునే మాట ఒకటుంది, ఈమె మాటిమాటికి వచ్చి నన్ను "గోజాడకుండునట్లు" న్యాయం తీరుస్తాను అని. గోజాడటం అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు, వెంటపడి ప్రాణం తోడేయడం. ఆ మాటను మేం ఇన్నేళ్లూ మోకాళ్ల మీద ఉండి దేవుడినే గోజాడటానికి వాడుకున్నాం. ఆమె గోజాడింది ఒక ప్రభుత్వ ఉద్యోగిని. ఆఫీసుకు పోవడం లోక సంబంధమైన పని అయితే ఆ ఉపమానం బైబిల్లో ఎందుకుందో మా పెద్దలు నాకు చెప్పాలి. నలభై రోజుల ఉపవాస ప్రార్థనలకు పట్టుదల చాలుతుంది గానీ సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి రెండోసారి పోవాలంటే చాలదు, ఇదేం పట్టుదల?

పోదాం పా అనుకున్నాం. పోయేముందు నీళ్లు వదిలే అతన్ని అడిగి కాస్త వివరాలు రాసుకుందామని వెళ్లాను. అతను నన్ను పైనుంచి కిందికి చూసి, "టీచరమ్మా, కలెక్టర్ దాకా ఎందుకు, మీ లైనుల ఎన్ని మోటర్లున్నయో ముందు లెక్కపెట్టుండ్రి" అన్నాడు.

లెక్కపెట్టాను. నల్లాకు నేరుగా బిగించిన అర హెచ్‌పీ మోటర్లు పదకొండు. అందులో ఏడు మా సంఘం వాళ్ల ఇళ్లలో. ఆ ఏడింటిలో ఒకటి మా ఇంట్లో.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. ట్యాంకు నుంచి వదిలిన నీళ్లకు ఒక వేగం ఉంటుంది, ఆ వేగంతోనే చివరి నల్లా దాకా పోవాలి. మధ్యలో ఇంటింటికీ మోటరు పెట్టి పీలిస్తే ముందున్న ఇళ్లలో సంపులు నిండుతాయి, చివర గాలి వస్తుంది. అంటే నేను శుక్రవారం కళ్లు మూసుకొని ఎవరి నీళ్ల కోసం ప్రార్థన చేశానో వాళ్ల నీళ్లే ఉదయం ఆరింటికి స్విచ్ వేసి గుంజుకుంటున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి తీసేద్దామంటే మా ఆయన, "అందరూ పెట్టుకుంటే మనమొక్కళ్లం తీస్తే మునిగేది మనమే కదనే" అన్నాడు. అదీ నిజమే. తీసేశాక మూడు వారాలు బట్టలకు మేం కూడా బోరుకే పోయాం. ఏడింటిలో నాలుగిళ్ల వాళ్లు తీశారు. మిగతా మూడిళ్లలో ఒకాయన ఇప్పటికీ ప్రతి ఆదివారం లేచి, ప్రభువు నా గిన్నె నిండి పొర్లేట్టు చేశాడు అని సాక్ష్యం చెప్తాడు. ఎట్లా పొర్లుతోందో లైనులో అందరికీ తెలుసు.

మోటర్లు తగ్గినా చివరి వాడకు సగమే వచ్చాయి, ఎందుకంటే మలుపు దగ్గర గేట్ వాల్వు తుప్పుపట్టి సగం తెరుచుకొని ఉండిపోయింది. అది మా చేతిలో పని కాదు. దాంతో ప్రజావాణికి. మొదటిసారి ఐదుగురం పోయాం. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్, లేకపోతే కూలి పోగొట్టుకొని చార్జీలు కూడా పెట్టుకొని ఇన్నిసార్లు తిరగడం మా వల్ల అయ్యేది కాదు, ఈ మాట రాజకీయం కోసం చెప్పట్లేదు. అర్జీ తీసుకున్నారు, మర్యాదగానే మాట్లాడారు, రశీదు ఇచ్చారు. నెల తర్వాత మా అర్జీ పరిష్కారమైందని చెప్పారు. వాడలో చుక్క రాలేదు. కింద ఏదో ఒక ఆఫీసులో ఎవరో కుర్చీలో కూర్చొనే దాన్ని మూసేశారు. ఏ ఆఫీసో పేరు రాయను, ఒక్క ఆఫీసు జబ్బు కాదిది.

మళ్లీ పోయాం. మళ్లీ పోయాం. రశీదులు నా బైబిల్లో లూకా దగ్గరే పెట్టుకున్నాను, నాలుగోసారికి ఆ పేజీలు ఉబ్బాయి. మొదట్లో, "మళ్ల వచ్చిండ్రా అమ్మా" అని విసుక్కున్న గుమాస్తానే నాలుగోసారి కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. ఆ వరండాలో గంటలకొద్దీ కూర్చుంటే ఇంకో సంగతి తెలిసింది, పింఛను ఆగిన తండా అవ్వ, పట్టా పాసుబుక్కులో పేరు తప్పు పడిన రైతు, ట్రైసైకిల్ కోసం ఏడాదిగా తిరుగుతున్న ముస్లిం పిల్లాడు, అందరూ ఓర్పుతోనే కూర్చున్నారు. ఓర్పు మా మతం సొత్తేం కాదు. కాకపోతే ఓర్పు గురించి వారానికి మూడుసార్లు వినేది మేమే కాబట్టి మాకు సాకు తక్కువ.

అయిదోసారి పోయినప్పుడు అక్కడే ఒక పెద్దాయన చెప్పాడు, సమాచార హక్కు కింద అడగండమ్మా అని. జిల్లా స్థాయి ఆఫీసుకైతే 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో అసలు ఫీజే లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మేం అడిగింది మూడే ముక్కలు. మా అర్జీ ఏ తేదీన పరిష్కారమైంది, చూడటానికి మా వాడకు ఎవరొచ్చారు, ఏం పని చేశారు. నెల తిరగకముందే ఒక మనిషి మోటారు సైకిల్ మీద కొత్త వాల్వు, పానా పట్టుకొని వచ్చాడు. జవాబు కంటే ముందు వాల్వు వచ్చింది. జవాబు కోసం ఇంకా పై అప్పీలు పెట్టుకోవచ్చు, పెట్టుకున్నాం కూడా, వాల్వు వచ్చింది కదా ఇంకెందుకు అని మా ఆయన అన్నా సరే.

ఉత్తరం రాసిన ఆయనకు ఒక మాట చెప్పాలి. మావాళ్లు ఆఫీసులకు దూరంగా ఉండటం ఎప్పుడూ బద్ధకం వల్లే కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాదు. ఆ తర్వాత ఆ హోదా సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మాకు ఇవ్వలేదు, మన దగ్గర బీసీ-సిలో ఒక్క శాతం రిజర్వేషన్ కింద ఉన్నాం. వాడ మారలేదు, పని మారలేదు, పిలిచే పేరు మారలేదు, కాగితం మాత్రం మారాలట. దాంతో చాలా ఇళ్లలో సర్టిఫికెట్ మీద ఒక పేరు, చర్చి రిజిస్టర్లో ఒక పేరు. అట్లాంటి మనిషికి ఆఫీసు గుమ్మం ఎక్కాలంటేనే టెన్షన్, ఎవరు ఏం అడుగుతారో అని. మాతో రావాల్సిన ఇద్దరు ఈ భయంతోనే రాలేదు. వాళ్లను నేను తప్పు పట్టలేను. రెండు పేర్ల బతుకు మంచిదని కూడా అనలేను. ఆ ఉత్తర్వు మార్చమని అడగడం ఒక పని, మారేదాకా నోరు మూసుకొని ఉండటం వేరే పని.

ఇక మైకు సెట్టు. 2025 డిసెంబర్‌లో సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. ఒక అభ్యర్థి తరఫున వాళ్లు ఆదివారం ఆరాధన అయ్యేదాకా బయట చెప్పులు విప్పి ఎంతో భక్తిగా నిలబడి, తర్వాత సంఘ పెద్దలతో మాట్లాడారు, మీ ఓట్లన్నీ ఒక్క చేతి మీద వేయించండి, మైకు సెట్టు, ముందు రేకుల షెడ్డు మా బాధ్యత అని. రెండో ఆయన మనుషులు సాయంత్రం వచ్చి ప్రహరీ గోడ అన్నారు. మీటింగులో ఒకరన్నారు, దేవుని పనికే కదా, ఇచ్చేటప్పుడు తీసుకుంటే తప్పేముంది అని. నాకు సమూయేలు ప్రవక్త గుర్తొచ్చాడు. ముసలితనంలో జనం ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం తీసుకొని కళ్లు మూసుకున్నానా, ఉంటే చెప్పండి తిరిగిచ్చేస్తాను అన్నాడు. మా సంఘం అట్లా ఊరి ముందు నిలబడగలదా అని అడిగాను. రేపు వాల్వు మళ్లీ పాడైతే ఆ మైకులోనే ఆయన్ని నిలదీస్తామా? గట్టిగా వాదన జరిగింది, ఒకాయన లేచి వెళ్లిపోయాడు కూడా. చివరికి పాస్టరయ్య ఇద్దరికీ వద్దు అని చెప్పారు, ఓటు ఎవరికి వేయాలో ప్రసంగ పీఠం మీద చెప్పను అని కూడా అన్నారు. పాత మైకు ఇప్పటికీ గరగరమంటోంది. అయితే ఇంటింటికీ తిరిగిన కవర్లను ఎంతమంది వద్దన్నారో నాకు తెలియదు. అడగాల్సింది, అడగలేదు.

కొత్త పాలకవర్గం వచ్చాక మొదటి గ్రామసభకు పదకొండుమంది ఆడవాళ్లం పోయాం, అందులో ఆరుగురు చర్చి ముఖం చూడనివాళ్లు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి, ఇన్నేళ్లూ ఎవరు పెట్టారో, మేమెప్పుడు పోయామో. నల్లా మోటర్లన్నీ పంచాయతీయే తీయించాలి అని అడిగాం. చూద్దాం లెండి అన్నారు. చూద్దాం అని కాదు, తీర్మానం రిజిస్టర్లో రాసి పైకి చదివి వినిపించండి అన్నాం. రాశారు. చదివేటప్పుడు మోటరున్న ఇళ్లవాళ్లు మా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది, రేపు పొద్దున పాల కోసం వాళ్లింటికే పోవాలి మరి. మోటర్లు ఇంకా అయిదు మిగిలే ఉన్నాయి. తీయించేదాకా ప్రతి గ్రామసభకూ పోతాం.

పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అని భగీరథ లెక్క. అయిదుగురున్న ఇంటికి 500 లీటర్లు కావాలి. చివరి వాడలో పదో తరగతి చదివే పిల్ల ఒకతె రోజూ ఒక నోటుబుక్కులో రాస్తోంది, నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఎన్నింటికి ఆగాయి, వాళ్లింట్లో ఎన్ని బిందెలు నిండాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పుస్తకం నాకు చూపిస్తుంది. పోయిన శనివారం ఇట్లా రాసింది: పొద్దున 6.10కి వచ్చాయి, 6.32కి ఆగాయి, తొమ్మిది బిందెలు, అమ్మమ్మ స్నానం చేసింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా